తిత్తినుండి పాలిమరు పొరకు

కలసిన ద్రవములను విడదీయుటకు మానవుడు తరతరములుగా నమ్ముకొన్నది నిప్పును. సారా బట్టీయందైనను, చమురుశుద్ధి కర్మాగారపు స్తంభమునందైనను జరుగునది మరిగించుట, ఆవిరిని చల్లార్చుట, అంతే. కాని ఆల్కహాలు బలము తూకమున నూటికి 95.6 పాళ్లకు చేరినంతట, మిగిలిన నీరు దానిని విడువక, 78.2 సెంటీగ్రేడు డిగ్రీలయొద్ద రెండును ఏకముగా ఆవిరియగును గనుక, అటుపైన ఎంత కట్టె తగులబెట్టినను ఫలము శూన్యము.

నిప్పు చేయలేని ఆ పనికి పూనుకొన్న పొర చరిత్ర పంది మూత్రాశయముతో ఆరంభమైనది. 1748లో ఫ్రాన్సు దేశీయుడగు అబే నొల్లే, ఆల్కహాలు నింపిన పాత్ర మూతికి ఆ తిత్తిచర్మమును బిగించి నీట ముంచియుంచగా, చర్మము పైకుబ్బి, సూదితో గ్రుచ్చినంతనే లోని ద్రవము చిమ్మెను: నీరు సులభముగా లోనికి పోయినది, ఆల్కహాలు మాత్రము అంత సులభముగా వెలికి రాలేదు. 1906లో అమెరికాయందలి విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున కాలెన్‌బర్గ్ రబ్బరు పొరతో పరీక్షింపగా కథ తారుమారై, హైడ్రోకార్బను దాటిపోయి ఆల్కహాలు నిలిచిపోయినది. పొర జల్లెడ కాదనియు, తనలో కరగగల అణువునకే అది దారి యిచ్చుననియు ఈ రెండు ప్రయోగములను ప్రక్కప్రక్కన నుంచి చూచినవారికి తోపకపోదు.

1917లో కోబర్ అను రసాయనికుడు ప్రకటించిన వ్యాసము నా దృష్టిలో ఈ చరిత్రకు కీలకము. గాలిలో వ్రేలాడదీసిన కొలోడియను సంచి, మూతి గట్టిగా బిగించియున్నను, లోని ద్రవము తరిగిపోవుచుండుటను మొదట కనిపెట్టినవాడు తన సహాయకుడు ఎబర్లైన్ అని ఆయన ఆ వ్యాసముననే వ్రాసినాడు. ద్రవము పొరలో దూరి, ఆవలి ముఖమున ఆవిరిగా వెడలు ఈ వ్యాపారమునకు పెర్వాపొరేషన్ అని పేరిడినవాడు కోబరే.

పేరు కుదిరినను పని కుదరలేదు. పొర మందమైనచో ద్రవము నడువదు, పలుచనైనచో చినుగును. 1950వ దశకమున టెక్సాస్ సిటీయందు అమెరికన్ ఆయిల్ కంపెనీకి చెందిన బిన్నింగ్ ప్రభృతులు హైడ్రోకార్బనులపై శ్రద్ధగా శ్రమించినను, ఈ పద్ధతి కర్మాగారపు గడప త్రొక్కలేదు. తుదకు జర్మనీ దేశపు జి.ఎఫ్.టి. సంస్థవారు నేయని పాలియెస్టరు గుడ్డపై సూక్ష్మరంధ్రములుగల పాలియాక్రిలోనైట్రైలును, దానిపై మిల్లీమీటరులో వేయవ వంతు మాత్రపు పాలివినైల్ ఆల్కహాలును పరచి, ఆ పైపూత నీట కరగిపోకుండ దాని గొలుసులను ఒండొంటితో ముడివేసి, బలమును పలుచదనమును ఒక్కచో సమకూర్చిరి. 1982లో బ్రెజిలునందు తొలి యంత్రము వెలసెను. 1988లో ఫ్రాన్సునందలి బెతెనివీల్ కర్మాగారము దినమునకు లక్షా ఏబదివేల లీటర్ల ఆల్కహాలును ఇట్లు నిర్జలము చేయ మొదలిడెను. పదేండ్లకు, పాలియిమైడు పొరలు టెక్సాస్‌లోని బోమాంట్ చమురుశుద్ధి కర్మాగారమున కందెననూనెనుండి మైనమును తొలగించుటకు వాడిన ద్రావకములను వడకట్టి, మరల వాడుకకు తెచ్చినవి.

మన హైదరాబాదునందలి రసాయన పరిశోధనసంస్థ ఐ.ఐ.సి.టి.యందును ఇట్టి పొరలపై, రొయ్యపెంకులనుండి లభించు కైటోసాన్‌తో చేసినవానిపైని సహా, పరిశోధనలు సాగినవి. ఈ విద్యను తెలుగున బోధించు ఉపాధ్యాయులు కోబర్ పేరుతోపాటు ఎబర్లైన్ పేరునుగూడ విద్యార్థులకు చెప్పవలెనని నా మనవి.