పేరు మార్చుకోని నేరం

పెళ్ళయిన స్త్రీ భర్త ఇంటిపేరు పెట్టుకోవాలని ఏ చట్టం చెప్పింది? అమెరికాలో లూసీ స్టోన్ ఈ ప్రశ్నని తన జీవితంతోనే అడిగింది. న్యాయస్థానాలు జవాబు చెప్పడానికి వందేళ్ళకు పైగా పట్టింది.

బానిసత్వానికి వ్యతిరేకంగా, స్త్రీల హక్కుల కోసం ఊరూరా ఉపన్యాసాలిచ్చిన లూసీ 1855లో హెన్రీ బ్లాక్‌వెల్‌ని పెళ్ళి చేసుకుంది. భార్య శరీరం మీద, ఆస్తి మీద, పిల్లల మీద భర్తకి అధికారమిచ్చే చట్టాలని నిరసిస్తూ ఇద్దరూ కలిసి పెళ్ళిలో ఒక ప్రకటన చేశారు. పేరు మార్చుకోవాలా అని ఆమె న్యాయవాదుల్ని అడిగితే, అలాంటి చట్టమేదీ లేదన్నారు. లూసీ స్టోన్ గానే ఉండిపోయింది.

నిజానికి ఇంగ్లండు నుంచి వచ్చిన న్యాయ సంప్రదాయం ప్రకారం, మోసం చేసే ఉద్దేశం లేకపోతే ఎవరైనా తమకు నచ్చిన పేరు వాడుకోవచ్చు. స్త్రీల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆచారమే చట్టమై కూర్చుంది. 1879లో మసాచుసెట్స్ రాష్ట్రం పాఠశాల కమిటీ ఎన్నికల్లో స్త్రీలకి ఓటిచ్చింది. భర్త పేరుతో తప్ప నమోదు చేయమన్నారు అధికారులు. లూసీ ఓటునే వదులుకుంది, పేరుని కాదు.

ఆమె 1893లో మరణించింది. 1921లో న్యూయార్క్‌లో పత్రికా రచయిత్రి రూత్ హేల్, మరికొందరు స్త్రీలు లూసీ స్టోన్ లీగ్ ప్రారంభించారు. సొంత పేరుతో పాస్‌పోర్టు ఇవ్వనందుకు రూత్ విదేశీ ప్రయాణమే మానుకుంది. వివాహిత అయిన డోరిస్ ఫ్లైష్‌మన్‌కి తన పేరుతో పాస్‌పోర్టు దొరికింది 1925లో.

అక్కడితో అయిపోలేదు. డ్రైవింగ్ లైసెన్సు మీద భర్త పేరే ఉండాలన్న అలబామా రాష్ట్ర నిబంధనని 1972లో సుప్రీంకోర్టు కారణాలు చెప్పకుండానే సమర్థించింది. అదే ఏడాది మేరీలాండ్ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం, పెళ్ళితో స్త్రీ పేరు తనంతట తాను మారిపోదని తీర్పు చెప్పింది. ఓటర్ల జాబితాలోంచి తన పేరు కొట్టేసిన అధికారుల మీద మేరీ స్టువర్ట్ అనే స్త్రీ గెలిచిన కేసది.

ఇప్పుడు ఎవరిష్టం వారిదే కదా అనవచ్చు. కానీ ఈ శతాబ్దంలో కూడా కాలిఫోర్నియాలో భార్య పేరు తీసుకోవాలనుకున్న భర్త కోర్టుకి దరఖాస్తు పెట్టి, రుసుము కట్టి, పత్రికలో ప్రకటన వేయించుకోవాల్సి వచ్చింది. భార్యకైతే పెళ్ళి పత్రాలే చాలు. 2007లో చేసిన చట్టం 2009లో అమలులోకి వచ్చాకే అక్కడ ఇద్దరికీ ఒకే దారి ఏర్పడింది.

స్త్రీ తన పేరు వదులుకోవడం సులువుగా, నిలబెట్టుకోవడం కష్టంగా ఉన్నంతకాలం, మార్చుకోవడం ఆమె ఇష్టమేనని ఎలా అనగలం? ఇంటిపేరు అంటాం మనం. అది ఏ ఇంటి పేరో తేల్చుకునే హక్కు కోసం ఇన్ని తరాల స్త్రీలు కార్యాలయాల చుట్టూ, కోర్టుల చుట్టూ తిరిగారు.