ఉద్దానం అరుగు మీద కృష్ణపట్నం మందు

2021 మే 21, శుక్రవారం. పన్నెండింటికి కర్ఫ్యూ. పదకొండు దాటగానే ఇచ్ఛాపురం బజారులో షట్టర్లు దిగుతున్నాయి, మందుల షాపు ముందు మాత్రం జనం కదలడం లేదు. మీరు కవిటి వైపు పోయే బైకు వెనక కూర్చున్నారు. నడుపుతున్నది ఎంబీబీఎస్ రెండో ఏడాది కుర్రాడు. కోవిడ్ వల్ల కాలేజీ మూసేస్తే ఇంటికొచ్చాడు. దారికి రెండు వైపులా కొబ్బరి, జీడి తోటలు. ఉద్దానం అంటే ఈ ప్రాంతమే.

ఇంటి దగ్గర బండి ఆగేసరికి లోపల టీవీలో కృష్ణపట్నం. నెల్లూరు జిల్లాలో, బొనిగి ఆనందయ్య కోవిడ్‌కని ఇచ్చే మందు కోసం వేలమంది ఒకరినొకరు తోసుకుంటున్నారు. ఆ గుంపు చూస్తేనే గుండె జారిపోతుంది.

కుర్రాడి చిన్నాన్న అరుగు మీద ఉన్నాడు. వెనక గోడకి మేకు, మేకుకి ప్లాస్టిక్ కవరు, అందులో రక్తపరీక్షల చీటీలు. పాతవాటి మీద అంకెలు వెలిసిపోయాయి. పైనున్న చీటీలో క్రియాటినిన్ 4.2, కిడ్నీలు పాడైన లెక్క.

"ఏట్రా నానా, ఆ మందు మనకి పనికొస్తాదేటి? ఆకులూ తేనే కదా. పనిచేస్తే చేస్తాది, లేకపోతే లేదు."

కుర్రాడు వెంటనే బదులివ్వడు. ఇవ్వకపోవడమే మంచిదైంది. నష్టమేముందన్న ధీమా ఉద్దానంలో చెల్లదు. ఇన్నేళ్ల పరిశోధనల తర్వాతా ఇక్కడి కిడ్నీ జబ్బుకి కారణం తేలలేదు. నొప్పి మాత్ర కూడా డాక్టర్ని అడిగి వేసుకోవాల్సిన ఒంట్లోకి ఏది ఎంత కలిసిందో తెలియని మందు ఎలా పంపిస్తాం?

ఫోన్లో క్లాసు వాళ్ల వాదన నడుస్తోంది. ఒకడు అదంతా మూఢనమ్మకం అంటాడు. వాడే, సీనియర్ చెప్పాడని, కోవిడ్‌కి ఐవర్‌మెక్టిన్ మాత్రలు మింగుతున్నాడు. ఇంకొకరు, జనానికి ధైర్యమొస్తే చాలదా అంటారు. నన్ను బాధపెట్టేది ఆ మొదటివాడి ధోరణే. ఆకు పసరుని అడిగిన రుజువు అట్టపెట్టెలో వచ్చిన మాత్రని అడగడు. ఐవర్‌మెక్టిన్ అప్పట్లో జాతీయ మార్గదర్శకాల్లోనే ఉంది, సెప్టెంబరులో తీసేశారు. డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మాత్రం కోవిడ్ చికిత్సలోకి అలా రాలేదు. 2020 జూన్‌లో బ్రిటన్‌లో వేలమంది మీద పోల్చి చూశాకే, వెంటిలేటర్ మీదున్నవాళ్లలో చావుల్ని మూడోవంతు తగ్గిస్తుందని తేలింది. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకి మేలు కనబడలేదనీ ఆ పరీక్షే చెప్పింది.

ఆనందయ్య మందు కోవిడ్‌ని నయం చేస్తుందనడానికి ఆధారం లేదని, హాని మాత్రం కనబడలేదని నివేదిక వచ్చాక, మే 31న ప్రభుత్వం పంపిణీకి ఒప్పుకుంది. కంటి చుక్కలకి మాత్రం ఒప్పుకోలేదు. కానీ ఈ అరుగు మీద అదంతా ఇంకా పది రోజుల అవతల ఉంది.

"మరి మీ మాత్రలో?" చిన్నాన్న జేబులోంచి సగం వాడిన ఐవర్‌మెక్టిన్ స్ట్రిప్ తీశాడు. పొద్దున్న ఎవరో ఇచ్చారట.

కుర్రాడు దాన్ని అందుకుని వెనక్కి తిప్పి చదివాడు. "దీనికీ అదే లెక్క చిన్నాన్నా. రెండూ వద్దు. జ్వరమొస్తే నాకు ఫోన్ చెయ్యి, నిన్ను చూసే డాక్టర్ని అడుగుదాం. రేపు టీకా ఎక్కడ వేస్తున్నారో కనుక్కుని తీసుకెళ్తాను."

"డాక్టరువి అయిపోనావేట్రా అప్పుడే?"

"లేదు. తెలీనిది తెలీదని చెప్తన్నాను."

తర్వాత ఫోన్ తీసి గ్రూపులో టైపు చేశాడు: ఐవర్‌మెక్టిన్‌ని కిడ్నీ పాడైనవాళ్ల మీద ఎవరైనా పరీక్షించారా? ఆనందయ్య మందుని?