అగ్నిసాక్షి చాలదట!

"పెండ్లికి సాక్ష్యం గావాల్నా? ఊరు ఊరంతా వచ్చి బువ్వ తిన్నది గదా బిడ్డా!"

కరీంనగర్‌లో మా పక్కింటి పెద్దమ్మ బుగ్గన వేలేసుకుంది. ఆవిడ మనవరాలికి కిందటేడు పెళ్లయింది. పెళ్లికొడుకు అమెరికా పౌరుడు. భార్యను తీసుకుపోవడానికి దరఖాస్తు పెట్టుకుంటే, మీది ఉత్తుత్తి పెళ్లి కాదనడానికి రుజువులు చూపమన్నారట. ఆ సాయంత్రం చాప మీద శుభలేఖ, ఆల్బమ్, ఫంక్షన్ హాలు రసీదు, ఫోన్ బిల్లులు, విమానం టిక్కెట్లు పరుచుకుని కూర్చుంది ఆ పిల్ల. పరీక్షకు చదివినట్టు తారీఖులు వల్లె వేస్తోంది పాపం.

పెద్దమ్మ ఆశ్చర్యపోవడంలో వింతేముంది? ఆవిడ పెళ్లికి కుమ్మరింటి నుంచి ఐరేని కుండలు వచ్చాయి. పుస్తెలూ మట్టెలూ చేసిన అవుసలాయనకు తెలుసు, సన్నాయి ఊదినవాళ్లకు తెలుసు, లగ్నం పెట్టిన అయ్యగారికి తెలుసు. ఎవరైనా కాదంటే ఊరే నోరు తెరిచేది. అప్పటికే 1955 నాటి హిందూ వివాహ చట్టం ఉంది, అందులో రిజిస్టరు చేయించుకునే వీలూ ఉంది. కానీ చేయించుకున్నదెవరు? ఊరే రిజిస్టరు అన్నమాట.

వచ్చిన చిక్కల్లా, ఆ ఊరు సముద్రం దాటదు. ఈ సంగతి మన ఆడవాళ్లకు ఎప్పుడో చేదుగా తెలిసి వచ్చింది అమెరికాలో కాదు, దక్షిణాఫ్రికాలో.

1860లో మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ కూలీలను నేటాల్‌కు చేర్చింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి తమిళులూ తెలుగువాళ్లూ వేలాదిగా అక్కడి చెరకు తోటలకు వెళ్లారు. వాళ్ల పెళ్లిళ్లు వాళ్ల ఆచారం ప్రకారమే జరిగాయి. 1913 మార్చి 14న కేప్ న్యాయస్థానంలో జస్టిస్ సెర్ల్ ఒక తీర్పు చెప్పాడు. బాయి మరియం అనే ఆమె భర్త దగ్గరికి వస్తే దిగనివ్వలేదు, ఆ వ్యాజ్యమది. క్రైస్తవ పద్ధతిలో జరగని పెళ్లి, రిజిస్టరు కాని పెళ్లి అక్కడి చట్టం ముందు చెల్లదన్నారు. అంటే ఇన్నేళ్లు కాపురం చేసి పిల్లల్ని కన్న ఇల్లాళ్లు రాత్రికి రాత్రి ఎవరికీ ఏమీ కాకుండా పోయారు! పిల్లల వారసత్వానికీ ముప్పు వచ్చింది.

అంతవరకు వంటిల్లు దాటని స్త్రీలు ఆ అవమానంతో రోడ్డెక్కారు. కస్తూర్బా 1913 సెప్టెంబరులో అరెస్టయి మూడు నెలలు కఠిన శిక్ష అనుభవించారు. వల్లియమ్మ అనే తమిళ పిల్ల జైల్లో జబ్బుపడి, విడుదలైన కొద్ది రోజులకే 1914 ఫిబ్రవరి 22న కన్నుమూసింది. ఆ ఏడే వచ్చిన చట్టం మన పెళ్లిళ్లను, ఒక్క భార్య వరకే అయినా, గుర్తించింది. "నేనీయన భార్యను" అనిపించుకోవడానికి జైలుకు వెళ్లిన ఆడవాళ్ల కథ మన పిల్లలకు చెప్పదగ్గదే కదండీ?

అనుమానం అంతటితో పోలేదు. 1979 జనవరిలో, పెళ్లి చేసుకోబోతూ లండన్ హీత్రో విమానాశ్రయంలో దిగిన ఒక భారతీయ ఉపాధ్యాయినికి, ఆమె మాట నిజమా కాదా అని తేల్చడానికి కన్యాత్వ పరీక్ష చేయించారు! గార్డియన్ పత్రిక బయటపెట్టడంతో రెండు దేశాల్లోనూ గగ్గోలు పుట్టి, ఆ పద్ధతి మానుకున్నారు. ఎంత సిగ్గుచేటు!

అమెరికాది మరో దారి. దొంగ పెళ్లిళ్లు పెరుగుతున్నాయని 1986లో ఒక చట్టం చేశారు. పెళ్లయి రెండేళ్లు నిండకుండా గ్రీన్ కార్డు వస్తే అది రెండేళ్లకే పనికొస్తుంది. ఆ గడువు తీరేలోగా ఆలుమగలిద్దరూ కలిసి సంతకం చేసి, కాపురం నిజమేనని మళ్లీ చూపాలి. మరి భర్త కొడుతూంటే? సంతకం పెట్టనని బెదిరిస్తే? అందుకే 1990లో, హింసకు గురైన భార్య ఒంటరిగా దరఖాస్తు పెట్టుకోవచ్చని సవరించారు. ఏమాటకామాటే చెప్పాలి, అది మంచి పని. కానీ అప్పుడూ ఆమె తాను మనస్ఫూర్తిగానే పెళ్లాడానని రుజువు చేసుకోవాలి.

ఇంతకీ వాళ్లడిగే రుజువులేమిటి? ఇద్దరి పేరా బ్యాంకు ఖాతా, ఇద్దరి పేరా అద్దె కాగితం, కలిసి దిగిన ఫొటోలు, రాసుకున్న ఉత్తరాలు. ఆయన కాఫీలో చక్కెర ఎంత, మంచానికి ఏ పక్కన పడుకుంటాడు అని కూడా అడగవచ్చు. మొగుడి పేరు పలకడమే తప్పని పెరిగిన పెద్దమ్మకు ఈ ప్రశ్నలు వేస్తే ఏమైపోను! మన దగ్గర ప్రేమను నలుగురి ముందు దాచుకోవడం మర్యాద. అక్కడ దాన్ని ఫైలు కట్టి చూపాలి.

మన జిల్లాల్లో ఇంకో రకం ఇల్లాళ్లున్నారు. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ వైపు నుంచి దుబాయికో మస్కట్‌కో వెళ్లిన కూలీల భార్యలు. అక్కడ భార్యను పిలిపించుకోవాలంటే జీతం ఇంత ఉండాలని లెక్క. కూలీ జీతం దానికి అందదు. అందినవాళ్లు కూడా పెళ్లి సర్టిఫికెట్టు మీద ఇక్కడి ప్రభుత్వం, విదేశాంగ శాఖ, అవసరమైతే ఆ దేశపు రాయబార కార్యాలయం వరసగా వేసే ముద్రల కోసం తిరగాలి. మిగతా వాళ్లను పెళ్లి కాగితం ఎవరూ అడగరు. అడిగేది, అక్కడ ఆయనకు జరగరానిది జరిగి, రావలసిన డబ్బు కోసం ఈమె ఆఫీసుల చుట్టూ తిరిగేటప్పుడు!

అందుకే రిజిస్ట్రేషన్‌ను చిన్నచూపు చూడవద్దు. 2002లోనే ఉమ్మడి రాష్ట్రంలో పెళ్లి నమోదు తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. 2006లో సుప్రీంకోర్టు దేశమంతటా అలాగే చేయమంది. అయితే కాగితం ఒక్కటే చాలుననుకునేరు! వీసాకు ఆలస్యమవుతుందని, అసలు పెళ్లి జరగకముందే సర్టిఫికెట్టు తీసుకునే వాళ్లు బయలుదేరారు. అది తగదని, ఆచారం ప్రకారం జరగాల్సిన తంతు జరగకపోతే ఆ కాగితం పెళ్లి అయిపోదని 2024లో సుప్రీంకోర్టు మందలించింది. 1913లో తంతు ఉన్నా కాగితం లేక పెళ్లి చెల్లలేదు. 2024లో కాగితం ఉన్నా తంతు లేక చెల్లలేదు. రెండూ ఉండాలన్నది తేలిన సంగతి.

ఇదంతా చెబుతూంటే పెద్దమ్మ లేచి వెళ్లి, సందుగలోంచి అట్ట చిరిగిన నోటుబుక్కు ఒకటి తెచ్చింది. మనవరాలి పెళ్లిలో కట్నాలు రాసిన పుస్తకం. ఎవరెంత చదివించారో పేరు, ఊరుతో సహా నాలుగు వందల పైచిలుకు పేర్లు.

"గీ పుస్తకం పంపుండ్రి. గింతమంది అబద్ధమాడుతరా?"

అందరం నవ్వాం. నవ్వి, ఆలోచిస్తే నిజమే ననిపించింది. ముఖ్యమైన పేజీలు ఇంగ్లీషులోకి రాయించి కట్టలో చేర్చారు. అన్నిటికీ రెండు నకళ్లు తీయించి, ఒకటి ఆయనకు పంపి, రెండోది నీ దగ్గరే ఉంచుకొమ్మని ఆ పిల్లకు మరీ మరీ చెప్పాను.