మీటరు చెప్పిన సాక్ష్యం

మా అత్తగారు రాత్రిళ్ళు ఫాను కట్టేసుకుని, తాటాకు విసనకర్రతో విసురుకుంటూ పడుకోవడం మొదలుపెట్టారు ఒక ఏడాది. శివరాత్రి వెళ్ళి ఉక్కపోత మొదలయిన రోజులవి. "ఎందుకండీ ఈ అవస్థ?" అని మా వారు అడిగితే, "నాకు గాలి పడటం లేదురా" అన్నారు. అసలు కారణం నాకు తెలుసు. ఆ నెల కరెంటు బిల్లు చూసి, "రాత్రంతా ఆ ఫాను తిరుగుతూ ఉంటే రాక ఏం చేస్తుంది?" అని వంటింట్లో నేను గొణిగిన మాట ఆవిడ చెవిన పడింది.

లెక్క చూసి అన్న మాట కాదది. నోటికొచ్చింది, అనేశాను. బియ్యం సోలతో కొలుస్తాం, పాలు గ్లాసుతో కొలుస్తాం. కంటికి కనపడని కరెంటు దగ్గరకి వచ్చేసరికి మాత్రం ఎవరో ఒకరి మీద నేరం మోపేసి ఊరుకుంటాం.

నిజానికి ఈ కనపడని సరుకుని కొలవడం మహామహులకే ఓ పట్టాన చేతకాలేదు. 1872లో అమెరికాలో శామ్యూల్ గార్డినర్ అనే ఆయన ఒక మీటరుకి పేటెంటు తీసుకున్నాడు. అది దీపాలు ఎంతసేపు వెలిగాయో చెప్పేదే గాని, ఎంత కరెంటు తాగాయో చెప్పేది కాదు. వాటాల ఇళ్ళలో ఇంటివాళ్ళు "బల్బుకి ఇంత, ఫానుకి ఇంత" అని అద్దెతో పాటు వసూలు చేసేవారు చూడండి, ఇంచుమించు అదే పద్ధతి.

1882 సెప్టెంబరు 4న న్యూయార్కులో, పెర్ల్ స్ట్రీట్ నుంచి ఎడిసన్ ఊళ్ళోకి కరెంటు ఇవ్వడం మొదలుపెట్టాడు. ఆయన మీటరు చూస్తే మనకి ఊరగాయ జాడీ గుర్తొస్తుంది. ఒక సీసాలో జింక్ సల్ఫేట్ కలిపిన నీళ్ళు, అందులో రెండు జింకు రేకులు. ఇంటికి వచ్చే కరెంటులో కొద్ది భాగం అందులోంచి పోతుంటే, ఒక రేకు అరుగుతూ ఆ జింకంతా రెండోదానికి పట్టుకుంటుంది. కంపెనీ మనిషి వచ్చి రేకులు పట్టుకెళ్ళి, కడిగి, ఆరబెట్టి, త్రాసులో తూచి బిల్లు వేసేవారు. చలికాలంలో ఆ నీళ్ళు గడ్డకట్టకుండా పెట్టెలో ఒక దీపం కూడా పెట్టేవారు!

అంతా బాగానే ఉంది గాని, ఆ ఇంటి ఇల్లాలికి తెలిసేదేమిటి? తూచేది వాళ్ళే, చెప్పేది వాళ్ళే. కొట్టువాడు తూకం లోపల వేసి పొట్లం మాత్రం బయటికి ఇస్తే మనం ఊరుకుంటామా?

ఆ చిక్కు విడిపోవడానికి దారి చూపింది ఒక చిన్న స్ప్రింగు. 1888లో వెస్టింగ్‌హౌస్ కంపెనీ ఇంజనీరు ఆలివర్ షాలెన్‌బర్గర్ ఒక ఆర్క్ దీపాన్ని పరీక్షిస్తుండగా, అందులోంచి స్ప్రింగు ఊడి లోపలే పడింది. ఇంకొకరయితే తీసి మళ్ళీ తగిలించి ఊరుకునేవారు. ఆయన మాత్రం అది తనంతట తానే తిరగడం గమనించాడు. దేనికీ అతుక్కోకుండా ఉన్న లోహాన్ని కరెంటు తిప్పగలదన్న మాట! కొద్ది వారాల్లోనే మీటరు తయారుచేశాడు. మరుసటి ఏడాది, 1889లో, బుడాపెస్టులోని గాంజ్ కంపెనీ ఇంజనీరు ఓటో బ్లాతీ ఇంకో అడుగు ముందుకేసి, ఇల్లు వాడిన మొత్తం విద్యుత్తుని లెక్కకట్టే మీటరు చేశాడు. మొదట్లో అది 23 కిలోలు తూగేదట. ఇంచుమించు చిన్న బియ్యం బస్తా!

మన గోడల మీద ఎన్నో ఏళ్ళు నల్లపెట్టెలో తిరిగిన అల్యూమినియం బిళ్ళ ఆ వంశానిదే. తీగ చుట్టలు దాన్ని తాకకుండానే తిప్పుతాయి. ఒక అయస్కాంతం మాత్రం, కవ్వానికి గట్టి పెరుగు అడ్డం పడ్డట్టు, విచ్చలవిడిగా తిరగకుండా పట్టి ఉంచుతుంది. ఎంత వాడితే అంత వేగం. 1000 వాట్ల వస్తువు ఒక గంట పనిచేస్తే ఒక యూనిట్. బ్రిటన్‌లో దీన్ని బోర్డ్ ఆఫ్ ట్రేడ్ యూనిట్ అనేవారు. అంత పొడుగు పేరులో తోక ఒక్కటే మన బిల్లుల మీద మిగిలింది.

ఉగాది ముందు ఒక ఆదివారం నేను ఆ మీటరు ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాను. దాని మీద, యూనిట్‌కి 600 చుట్లు అని రాసి ఉంది. ఇంట్లో అన్నీ కట్టేసి, అత్తగారి ఫాను ఒక్కటే వేయించాను. బిళ్ళ మీది ఎర్ర గీత ఒకసారి తిరిగి వచ్చేసరికి 80 సెకన్లు పట్టింది. అంటే గంటకి 45 చుట్లు, 75 వాట్లు. తరవాత ఫాను ఆపి, ఆ చలికాలమే పెట్టించుకున్న గీజరు వేశాను. బిళ్ళ గిర్రున తిరిగింది. నిమిషానికి 20 చుట్లు, 2000 వాట్లు!

కాగితం మీద లెక్క వేశాను. ఫాను రాత్రి 8 గంటలు తిరిగితే 0.6 యూనిట్. గీజరు ఆగకుండా ఒక్క గంట కాగితే 2 యూనిట్లు. మా ఒక్క పూట వేన్నీళ్ళ ఖర్చుతో ఆవిడ మూడు రాత్రుళ్ళు హాయిగా నిద్రపోవచ్చు. 'జీరో బల్బు' అని తెల్లవార్లూ వెలిగించేదానికి కూడా పేరే జీరో గాని, 15 వాట్ల దాకా పుచ్చుకునేది. ఫ్రిజ్ సంగతి మాత్రం నిమిషం లెక్కతో తేలదు. దాని మోటారు ఆగుతూ, తిరుగుతూ ఉంటుంది కనక ఒక రోజంతా చూడాలి.

ఇప్పుడు బిళ్ళ పోయి, ఎలక్ట్రానిక్ మీటర్లలో చిన్న ఎర్ర దీపం మిణుకుమంటోంది. యూనిట్‌కి ఎన్ని మిణుకులో దాని మీదే రాసి ఉంటుంది. 3200 అని ఉంటే, ఆ పాత ఫానుకి నిమిషానికి నాలుగు మిణుకులు. 2006 నుంచి ఫ్రిజ్‌ల మీద నక్షత్రాల చీటీ కూడా వచ్చింది, ఏడాదికి ఎన్ని యూనిట్లో చెబుతూ. అయినా మన ఇంట్లో మన వాడకం మనం లెక్కపెట్టుకోవడం వేరు. మీరూ ఒక ఆదివారం చూడండి. మీటరు ముట్టుకోనక్కరలేదు, గడియారం ఉంటే చాలు.

నా కాగితం పట్టుకెళ్ళి అత్తగారికి చూపించాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు. "అయితే ఆ వేన్నీళ్ళు ఎవరు పోసుకుంటున్నారే?" అన్నారు.

"మేమేనండీ" అన్నాను.

ఆవిడ ఇంకేమీ అనలేదు. విసనకర్ర గూట్లో పెట్టేసి, లేచి ఫాను వేసుకున్నారు.