ఊగినవాళ్ళ మాట

పల్నాటి వీరుల కథను పూర్వం జనం ఎలా విన్నారో చెప్పే సాక్ష్యాల్లో నాకు బాగా నచ్చినది కారెంపూడిది కాదు, ఓరుగల్లుది. క్రీడాభిరామంలో ఉంది. వినుకొండ వల్లభరాయుడి పేరున ప్రచారంలో ఉన్న కావ్యం అది. కాదు, శ్రీనాథుడిదేనని వేటూరి ప్రభాకరశాస్త్రి గట్టిగా వాదించారు. ఎవరిదైనా దాని వయసు సుమారు 600 ఏళ్ళు. అందులో మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు ఓరుగల్లు వీధులన్నీ తిరుగుతూ వింతలు చూస్తుంటారు. ఒకచోట ఒక ఆడమనిషి వీరుల కథ పాడుతోంది. నడక ద్రుతతాళం, పాట ద్విపద, వాద్యం మోత చెవులు దద్దరిల్లేలా ఉంది. అక్షరం అక్షరానికీ కుర్రవాళ్ళు కేకలు పెట్టి తూలిపోతున్నారని చెప్పి కవి పద్యం ముగించాడు.

ఆ పద్యాన్ని నేను చాలా ఏళ్ళు తరగతిలో చెప్పాను. అందరూ అందులో చప్పుడు మెచ్చుకుంటారు. నా దృష్టి ఎప్పుడూ ఆ కుర్రవాళ్ళ మీదే ఉండేది. పాటను వర్ణించిన కవులు మనకు కొల్లలు. విన్నవాడి ఒంటికి ఏమయిందో రాసి పెట్టినవాళ్ళు బహు తక్కువ. ఆ కుర్రవాళ్ళు బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. ఊగారు. వాళ్ళ అభిప్రాయం అదే.

పిడుగురాళ్ళ నుంచి కృష్ణ వైపు వచ్చే దారిలో మా మాచవరం. ఇక్కడ పుట్టినవాడికి ఆ కథలోని బ్రహ్మనాయుడు, నాగమ్మ, బాలచంద్రుడు పుస్తకంలో మనుషులు కారు. గురజాలలో నలగామరాజు, మాచర్లలో మలిదేవుడు, మధ్యలో కోడిపందెం, ఓడినవాళ్ళ వనవాసం, రాయబారానికి వెళ్ళిన అలరాజు హత్య, చివరికి 1182 ప్రాంతంలో కారెంపూడిలో నాగులేటి ఒడ్డున అందరూ నరుక్కుని చావడం. ఈ వరస మాకు చందమామ కథలకంటే ముందే వచ్చేస్తుంది. ఏటా కార్తీక అమావాస్యకు కారెంపూడిలో వీరారాధన మొదలవుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు, ఇలా అయిదు రోజులు. వీరుల ఆయుధాలను ఆచారవంతులు ఊళ్ళ నుంచి మోసుకొస్తారు. అవి కొణతాలు. వాటిని చూస్తేనే కొందరికి పూనకం వస్తుంది.

అక్కడ పాడేవాళ్ళు వీరవిద్యావంతులు. మాల కులస్థులు. బ్రహ్మనాయుడు మాల కన్నమదాసును కొడుకుగా చేసుకుని సేనానిని చేశాడు. అందర్నీ ఒకే పంక్తిన కూర్చోబెట్టి చాపకూడు పెట్టాడు. ఆ కథను ఇన్ని వందల ఏళ్ళు నోటితో మోసింది కన్నమదాసు కులం వాళ్ళే. మా నాన్నగారు నన్ను చిన్నప్పుడు తిరునాళ్ళకు తీసుకెళ్ళేవారు. ప్రధాన గాయకుడి చేతిలో కత్తి. వెనక పంబ, తాళాలు, తిత్తి. తిత్తి అంటే గాలి నింపిన తోలుసంచి, సన్నగా ఒకే శ్రుతిని పట్టి ఆగకుండా మోగుతూ ఉంటుంది. గాయకుడు ఆ శ్రుతి మీద రాగం తీస్తాడనుకునేరు. తీయడు. కాసేపు వచనం గబగబా చెబుతాడు, కాసేపు పాడతాడు, పోరు ఘట్టం వచ్చేసరికి గొంతు చించుకుంటాడు. పాదం చివరి అక్షరం దగ్గర పంబ దెబ్బ పడుతుంది, వంతలు అందుకుంటారు. కత్తి పైకి లేస్తుంది. రాగమంతా తిత్తిలో ఉంటుంది, రోషమంతా గొంతులో ఉంటుంది. ఈ రెండూ కలిసిపోవు, పక్కపక్కనే నడుస్తాయి. అందులోనే దాని బలం.

మా పక్కన కూర్చున్న పెద్దవాళ్ళు వింటూనే తీర్పులు చెప్పేవారు. ఒక గాయకుడి గురించి ఒకాయన అన్నమాట నాకు ఇప్పటికీ గుర్తే: ‘గొంతు మంచిదేలే, కత్తే లేవలా.’ ఆయన చదువుకున్నవాడు కాదు. అంతకు మించిన సమీక్ష నేను సాహిత్య సభల్లో కూడా వినలేదు.

చదువుకున్నవాళ్ళ తీర్పులు మాత్రం వేరుగా ఉండేవి. ద్విపద కావ్యాన్ని ముసలి వేశ్య సరసన ఒకే జాబితాలో చేర్చి, ఇవి పనికిరావు అని తేల్చేసిన చాటువు ఒకటి పండితుల నోళ్ళలో నిన్నమొన్నటిదాకా నలిగింది. ద్విపద చేసిన నేరమేమిటి? పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం, అలాంటి పాదాలు రెండు. చదువురానివాడి చెవిలో కూడా నిలబడుతుంది. ప్రాస నియమం కూడా తీసేస్తే మంజరీ ద్విపద. అది ఇంకా వడిగా పరుగెత్తుతుంది. శ్రీనాథుడు పల్నాటి వీరచరిత్రను ఆ మంజరీ ద్విపదలోనే రాశాడు. శృంగార నైషధం రాసిన చెయ్యి అది! సమాసం మీద సమాసం పేర్చి పండితుల చేత తల ఊపించిన మనిషి, బాలచంద్రుడి యుద్ధం దగ్గరికి వచ్చేసరికి అలంకారాలన్నీ దించి పక్కన పెట్టాడు. పల్నాడు అతనికి నచ్చిన సీమ ఏమీ కాదు. రాళ్ళనీ, జొన్నకూటినీ, నీళ్ళ కరువునీ వెక్కిరిస్తూ అతను చెప్పాడనే చాటువులు మా పిల్లలకు కూడా వచ్చు. అయినా ఈ సీమ పాటకు ఏ నడక కావాలో అతనికి తెలుసు. అక్కిరాజు ఉమాకాంతం గారు 1911లో ఆ గ్రంథాన్ని అచ్చువేయించి, అది ఎంత విలువైనదో చెప్పేదాకా చాలామంది పండితులకు దాని ఊసే పట్టలేదు.

ఇదంతా ఒక సంక్రాంతికి మా ఇంట్లో జరిగిన తగువులోకి వచ్చి పడింది. నా మేనల్లుడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తాడు. వాడి స్నేహితుడు పిడుగురాళ్ళ కుర్రవాడు, వాళ్ళకు సున్నపు బట్టీలు ఉండేవి. ఇద్దరూ మెటల్ సంగీతం పిచ్చివాళ్ళు. హైదరాబాదు నుంచి వచ్చిన గాడ్‌లెస్ అనే డెత్ మెటల్ బృందం పాటలు నా ముందు పెట్టి ‘మనవాళ్ళే మామయ్యా’ అని గర్వంగా చెబుతాడు మావాడు. ఆ రోజు మాత్రం గొడవ మనవాళ్ళ మీద కాదు, స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ బృందం మీద. బృందం పేరు ఎట్ ద గేట్స్. ఆల్బమ్ స్లాటర్ ఆఫ్ ద సోల్, 1995లో వచ్చింది. మొత్తం 34 నిమిషాలు.

‘మొదటి ఆల్బమ్‌లో ఉన్న వంకర్లన్నీ పీకి పారేశారు మాస్టారూ,’ అన్నాడు స్నేహితుడు. ‘1992లో ఎంత చిక్కటి పాటలు కట్టారు! వయొలిన్ కూడా పెట్టారు. గిటారు వాయించే ఆల్ఫ్ స్వెన్సన్ వెళ్ళిపోయాక అన్నీ సాపు చేసేశారు. దీన్ని చూసి అమెరికాలో వందమంది కాపీ కొట్టారు.’

మావాడు ఊరుకోలేదు. ‘కాపీ కొడితే వీళ్ళ తప్పా మామయ్యా? ఒక్క క్షణం వృథా లేదు ఇందులో. తీసేయాల్సింది తీసేశారు, అంతే.’

నేను ఇద్దర్నీ వారించి ముందు వినిపించమన్నాను. మెలోడిక్ డెత్ మెటల్ అంటే ఏమిటో మావాడు వివరించాడు. గాయకుడు అరుస్తాడు, అతని గొంతులో స్వరం వెతకకూడదు. రాగమంతా రెండు గిటార్లు మోస్తాయి. ఒకటి ఒక స్వరం పట్టుకుంటే రెండోది దానికి కాస్త పైన తోడు నడుస్తుంది. ఈ జంట నడకను వాళ్ళు ఇంగ్లండుకు చెందిన ఐరన్ మెయిడెన్ లాంటి పాత బృందాల దగ్గర నేర్చుకున్నారట. ఎట్ ద గేట్స్, ఇన్ ఫ్లేమ్స్, డార్క్ ట్రాంక్విలిటీ, ఈ మూడూ ఒకే ఊరివి, 1990లలో ఈ బాణీని నిలబెట్టినవి. స్టూడియో ఫ్రెడ్‌మన్ అనే ఒకే చోట చాలా రికార్డింగులు జరిగాయి. వాడు చెబుతుంటే నాకు తిత్తి, గొంతు, పంబ కళ్ళ ముందు ఆడాయి. వాళ్ళకూ మనకూ చుట్టరికం ఉందని నేను అనడం లేదు. గోథెన్‌బర్గ్ వాళ్ళు కారెంపూడి పేరు విని ఉండరు. కానీ చావు గురించి పాడాలంటే గొంతు సాపుగా ఉండకూడదనీ, గొంతు సాపుగా లేనప్పుడు రాగాన్ని ఇంకెవరో మోయాలనీ రెండు చోట్ల మనుషులకూ తోచింది. ఈ ఏర్పాటు కుదిరిందా లేదా అన్నదే రెండు చోట్లా శ్రోతల తగువు.

‘మాట అర్థం కాదు’ అన్న ఫిర్యాదు కూడా రెండింటికీ ఉంది. తిరునాళ్ళకు వచ్చిన పట్నం చుట్టాలు మా నాన్నగారిని అదే అడిగేవారు. మా ఊరివాళ్ళకు ఆ ఇబ్బంది ఎప్పుడూ రాలేదు. అలరాజు చస్తాడని తెలుసు, బాలచంద్రుడు చస్తాడని తెలుసు. తెలిసిన కథకు మాట అక్కర్లేదు, దెబ్బ కావాలి. అమెరికా నుంచి వచ్చిన జీన్ రోఘైర్ 1970లలో అలిసెట్టి గాలెయ్య అనే వీరవిద్యావంతుడి నోట కథంతా పాడించి, రికార్డు చేసి, ఇంగ్లీషు చేశారు. 1982లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు ప్రచురించారు. గాలెయ్య పేరు ప్రపంచానికి తెలిసింది ఆ పుస్తకం వల్లే. అంతకు ముందు ఎంతమంది గాలెయ్యలు పాడి పోయారో, వాళ్ళను విన్న మాలపల్లెల్లో ఎవరేమన్నారో ఏ అచ్చులోనూ లేదు. 1947లోనూ 1966లోనూ పల్నాటి యుద్ధం సినిమాలు వచ్చాయి. వాటి మీద పత్రికల్లో సమీక్షలు పడ్డాయి. పంబ ముందు కూర్చున్నవాడిని మాత్రం ఏ పత్రికా అడగలేదు. అందుకే క్రీడాభిరామంలోని ఆ కుర్రవాళ్ళ మీద నాకంత ప్రేమ.

ఇక ఆల్బమ్ సంగతి. నేను దాన్ని ఆ తర్వాత కూడా విన్నాను, తలుపు వేసుకుని, చెవులకు పెట్టుకుని. స్నేహితుడి పక్షాన న్యాయం ఉంది. 1992 నాటి పాటల్లో మలుపులు నిజంగా గొప్పవి, ఒక పాటలో నాలుగు పాటల సరుకు ఉంది. నైషధం చదివినవాడిని, ఆ రుచి నాకు తెలియక పోదు. అయినా నా ఓటు మేనల్లుడికే. మొదటి పాట బ్లైండెడ్ బై ఫియర్ మొదలైన దగ్గర్నుంచీ ఎక్కడా పాదం తప్పదు. కోల్డ్ అనే పాటలో ఆండీ లారాక్ అనే అతిథి వచ్చి గిటారు మీద ఒక చరణమంత రాగం తీసి వెళ్ళిపోతాడు. ఆ అరుపుల మధ్య అది ఎంత హాయిగా ఉంటుందో! అది హాయిగా ఉన్నది అరుపుల మధ్య ఉన్నందుకే. గాయకుడు తోమస్ లిండ్‌బర్గ్ 2025 సెప్టెంబరులో కేన్సర్‌తో పోయాడు. వయసు 52. ఆ వార్త మావాడే ఫోను చేసి చెప్పాడు, గొంతు పూడుకుపోయింది.

ఈ ఆల్బమ్ వచ్చిన మరుసటి ఏడే ఆ బృందం విడిపోయింది. మళ్ళీ కలవడానికి పదేళ్ళకు పైనే పట్టింది. ఈలోగా పాటను బతికించింది విన్నవాళ్ళే, తగువులాడుకుంటూ, ఒకరికొకరు వినిపించుకుంటూ. కారెంపూడి పాటకు ఆ పని చేసేవాళ్ళు తగ్గిపోతున్నారు. తిరునాళ్ళకు జనం వస్తారు, కొణతాలకు మొక్కుతారు, పంబ దగ్గర నిలబడేది కొద్దిమంది. ‘కత్తే లేవలా’ అని చెప్పగల చెవి తయారు కావాలంటే ఒకటికి పదిమందిని విని ఉండాలి. పోయిన కార్తీకానికి మేనల్లుడినీ, వాడి స్నేహితుడినీ వెంటబెట్టుకు వెళ్ళాను. పాట సగంలోనే ఇద్దరూ వాదన మొదలుపెట్టారు. పంబ వేగం పెంచాల్సిందని మావాడు, అక్కర్లేదని వాడు. ముందు వరసలో కూర్చున్న ముసలాయన వెనక్కి తిరిగి ఇద్దర్నీ కసిరి, పెంచకూడదని తనూ ఒక మాట అని, మళ్ళీ పాట వైపు తిరిగాడు.