శంకు నత్త విష పరిశోధన: మారిన కొలమానాల చరిత్ర

శంకు నత్త విషాన్ని గురించి నిలిచిన పాత లిఖిత సాక్ష్యాలలో ఒకటి ఒక బానిస స్త్రీ మరణ వృత్తాంతం. డచ్ ఈస్ట్ ఇండియా కంపెనీ కొలువులో చేరి, అంబోన్ ద్వీపంలో స్థిరపడిన ప్రకృతి శాస్త్రజ్ఞుడు రుంఫియస్ దానిని నమోదు చేశాడు. బందా దీవులలో వల లాగుతున్న ఆ స్త్రీ ఒక నత్తను చేతిలోకి తీసుకొన్నది. ఒడ్డుకు నడుస్తుండగా చేతిలో సన్నని దురద మొదలై, చేయి మీదుగా ఒళ్ళంతా పాకి, ఆమె ప్రాణం తీసింది. రుంఫియస్ 1702లో కన్నుమూశాడు. ఈ వృత్తాంతం గల గ్రంథం 1705లో వెలువడింది. ఆమె పేరు అందులో లేదు. దురద తప్ప తీవ్రమైన నొప్పి ప్రస్తావన కూడా లేదు. అప్పట్లో ఎవరూ పట్టించుకోని ఈ రెండవ విషయానికి మూడు శతాబ్దాల తరువాత ప్రాముఖ్యం వచ్చింది.

ఇక్కడ శంకు అంటే పూజలో ఊదే శంఖం కాదు, రేఖాగణితంలోని శంకువు. ఈ ఆకారపు గుల్లలు గల కోనస్ ప్రజాతిలో ఏడు వందలకు పైగా జాతులున్నాయి. రంగుల గుల్లల కోసం ఐరోపా సంపన్నులు పోటీపడ్డారు గాని, లోపలి జీవి గురించి ఆలోచించినవారు తక్కువ. 1935లో ఆస్ట్రేలియాలోని హేమన్ దీవిలో ఒక యువకుడు కోనస్ జియోగ్రాఫస్ నత్తను అరచేతిలో పట్టుకొని, దాని కాటుకు గురై కొన్ని గంటలలో మరణించాడు. కెయిర్న్స్ వైద్యుడు హ్యూగో ఫ్లెకర్ మరుసటి సంవత్సరం ఆ ఉదంతాన్ని వైద్య పత్రికలో ప్రకటించాడు. రుంఫియస్ లాగే ఫ్లెకర్ కూడా విషాన్ని మనిషి మరణంతోనే కొలిచాడు. మరో మార్గం అప్పటికి లేదు.

ఇంత నిదానమైన జీవికి ఇంత విషం ఎందుకన్న ప్రశ్నకు 1956లో జవాబు దొరికింది. హవాయిలో పరిశోధిస్తున్న ఆలన్ కోన్, కోనస్ స్ట్రయేటస్ బ్రతికి ఉన్న చేపలను వేటాడి తింటుందని నిరూపించాడు. ఈ నత్త పన్ను బోలుగా ఉండే బల్లెం వంటిది. దానితో పొడిచిన మరుక్షణం చేప చచ్చుబడకపోతే ఆహారం చేజారినట్లే. కనుక విషం నాడులపై తక్షణమే పనిచేయక తప్పదు.

ఈ తర్కాన్ని రసాయన శాస్త్రంలోకి తెచ్చినవారు ఫిలిప్పీన్స్ శాస్త్రజ్ఞులు బాల్డొమెరో ఒలివెరా, లూర్డెస్ క్రూజ్. ఒలివెరా అంతకుముందు స్టాన్‌ఫర్డ్‌లో డీఎన్‌ఏ పోగులను అతికించే లైగేజ్ ఎంజైమ్‌పై పనిచేసినవాడు. స్వదేశానికి వచ్చేసరికి ఆ పని కొనసాగించే పరికరాలు అక్కడ లేవు. ఉన్నది సముద్రం, అందులో నత్తలు. లేమి వల్ల ఎంచుకొన్న విషయమే గొప్ప పరిశోధనా క్షేత్రంగా మారిందని చెప్పుకోవడం తేలిక. ఆ లేమి ఆపివేసిన పరిశోధనల లెక్క మాత్రం ఎవరూ రాయరు.

తొలి పద్ధతి సరళమైనది. విషాన్ని అంశాలుగా వేరుచేసి, ఒక్కొక్కదాన్ని చిట్టెలుక పొట్టలోకి ఎక్కించి, ఏది చచ్చుబడేట్లు చేస్తుందో చూడటం. అలా తేలిన వాటిలో ఒకటి కేవలం 13 అమైనో ఆమ్లాల పెప్టైడ్. దీని వివరాలు 1981లో ప్రచురితమయ్యాయి. నాడి నుంచి కండరానికి ఆజ్ఞను మోసే ఎసిటైల్‌కోలిన్ అందుకోవలసిన గ్రాహకాన్ని ఇది ఆక్రమిస్తుంది. ఆజ్ఞ అందని కండరం సడలిపోతుంది. తాచుపాము విషంలోని నాడీ విషం చేసే పనీ ఇదే. దానిలో అరవైకి పైగా అమైనో ఆమ్లాలుంటాయి గనుక నత్త పొదుపరితనం మెచ్చదగినదే. అయినా చేసే పని కొత్తది కాదు. పరిశోధన అక్కడే ఆగిపోయి ఉండవచ్చు.

కథ మలుపు తిరిగింది యూటా విశ్వవిద్యాలయంలో. ఒలివెరా 1970లో అక్కడికి చేరాడు. క్రెయిగ్ క్లార్క్ అనే డిగ్రీ విద్యార్థి విషాంశాలను పొట్టలోకి కాక నేరుగా ఎలుక మెదడులోకి ఎక్కించి చూశాడు. మునుపటి పరీక్షలో ప్రభావం లేనివిగా కనిపించిన అంశాలు ఇప్పుడు ఒక్కొక్కటి ఒక్కొక్క విధంగా ప్రవర్తించాయి. ఒకటి నిద్రపుచ్చింది, మరొకటి వణికించింది. మరణాన్ని కొలిచినంతకాలం విషంలో చంపే భాగమే కనిపించింది. ప్రవర్తనను గమనించగానే తక్కినదంతా బయటపడింది.

నిద్రపుచ్చిన పెప్టైడ్‌కు కొనాంటొకిన్ అని పేరు పెట్టారు. తగలోగ్ భాషలో 'అంతోకిన్' అంటే నిద్రమత్తు గల వ్యక్తి. గ్రీకు, లాటిన్ పదాలు రాజ్యమేలే జీవరసాయన నిఘంటువులో ఒక ఆసియా భాషా పదం ఇలా స్థిరపడింది. చిత్రమేమిటంటే, అది పసి ఎలుకలను నిద్రపుచ్చుతుంది, ఎదిగిన వాటిని పరుగులు తీయిస్తుంది. మెదడులో గ్లుటమేట్‌ను అందుకొనే ఎన్‌ఎండిఏ గ్రాహకాన్ని అది అడ్డుకొంటుందని 1990 నాటికి తేలింది.

వణికించిన పెప్టైడ్‌ను అదే ప్రయోగశాలలో మరో యువ విద్యార్థి మైకేల్ మెకింటోష్ కోనస్ మేగస్ విషం నుంచి వేరుచేశాడు. దానిలో 25 అమైనో ఆమ్లాలు, వాటిని బిగించి ఉంచే మూడు గంధకపు బంధాలు ఉన్నాయి. అది పట్టుకొనేది గ్రాహకాన్ని కాదు, నాడి కొసన కాల్షియాన్ని లోనికి రానిచ్చే ఎన్-రకం అయాన్ ద్వారాన్ని. కాల్షియం రాకపోతే నాడి తన సందేశ రసాయనాన్ని విడుదల చేయలేదు. వెన్నుపాములో నొప్పి సంకేతాలు చేతులు మారే చోట ఈ ద్వారాలు సమృద్ధిగా ఉంటాయి. అక్కడ వాటిని మూసివేస్తే నొప్పి మెదడుకు చేరదు.

ఆ పెప్టైడ్‌ను యథాతథంగా కృత్రిమంగా తయారుచేసిన మందే జికోనొటైడ్. 2004 డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దానికి అనుమతినిచ్చింది. మార్ఫిన్ వలె క్రమంగా మోతాదు పెంచుకొంటూ పోవలసిన అవసరం లేకపోవడం దాని బలం. బలహీనతలూ చిన్నవి కావు: పంపు ద్వారా వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవంలోకే ఎక్కించాలి, తలతిరుగుడు, మతిభ్రమ కలగవచ్చు. ఇతర మందులకు లొంగని తీవ్ర నొప్పితో బాధపడేవారికే దీన్ని ఇస్తారు. సముద్రం ఇచ్చిన అద్భుత ఔషధమన్న ప్రచారంలో ఈ పరిమితులు తరచుగా మరుగున పడతాయి.

2015లో కొలమానం మళ్ళీ మారింది. యూటా బృందమే ఈసారి ఎలుకలతో మొదలుపెట్టక, కోనస్ జియోగ్రాఫస్ విషగ్రంథిలో చురుకుగా ఉన్న జన్యువుల సమాచారాన్ని గాలించింది. అందులో చేపల ఇన్సులిన్‌ను పోలిన ఇన్సులిన్ దొరికింది. అది గ్రాహకాన్ని మూయదు, అయాన్ ద్వారాన్ని అడ్డుకోదు; చేప రక్తంలో చక్కెరను పడగొడుతుంది. నీరసించిన చేప ఈదడం మానేస్తుంది. నత్త అప్పుడు తన వెడల్పైన నోటిని వలలా చాచి దాన్ని లోనికి తీసుకొంటుంది.