గోల్కొండ ముట్టడి: ఎనిమిది నెలల జమాఖర్చు

గోల్కొండ కోట చూడనివారు మన సంఘంలో ఉండరు. నగరానికి ఈ కొసన ఉన్న మా కాప్రా నుంచి ఆ కొసన ఉన్న గోల్కొండకు బస్సులు మారి వెళ్ళి, ద్వారం దగ్గర చప్పట్లు కొట్టి, బాలాహిస్సారు మెట్లెక్కి వచ్చినవాళ్ళమే అందరం. అంత గట్టి కోట ఎలా పడిపోయిందని అడిగితే అందరం ఒకే జవాబు చెబుతాం: ఒక ద్రోహి తలుపు తీశాడు. ఆ మాట నిజమే. అయితే ఆ ఒక్క రాత్రి వెనక ఎనిమిది నెలల ముట్టడి, దాని వెనక రెండేళ్ళ పరిపాలన ఉన్నాయి. గిడ్డంగుల లెక్కలు రాసి రిటైరైన గుమాస్తాను కనుక, నాకు తెలిసిన పద్ధతిలో, జమాఖర్చుగానే ఈ కథను పెద్దలకు మనవి చేస్తాను.

ముందుగా జమ. ఔరంగజేబు 1687 జనవరి ఆఖరున గోల్కొండ ముందుకు వచ్చాడు. అంతకు ముందు ఏడాదే బీజాపూరు ఆయన చేతికి చిక్కింది. దక్కనులో మిగిలిన సుల్తాను అబుల్ హసన్ తానాషా ఒక్కడే. సైన్యంలో పోలికే లేదు. కాని కోటకు 87 బురుజులు, 8 ద్వారాలు ఉన్నాయి. గోడల మీద ఫిరంగులు, లోపల మందుగుండు, తిండిగింజలు, తాగడానికి నీళ్ళు సమృద్ధిగా ఉన్నాయి. దుర్గం చెరువు నుంచి మట్టి గొట్టాల ద్వారా నీరు తెచ్చి, రాట్నాలతో అంచెలంచెలుగా కొండ మీదికి ఎక్కించిన ఏర్పాటు ఈనాటికీ మనల్ని ఆశ్చర్యపరుస్తుంది. ఇవన్నీ శత్రువు కనబడ్డాక చేసే పనులు కావు. ఎన్నో ఏళ్ళ శ్రద్ధ అది.

ఆ శ్రద్ధ ఫలితం మొదటి రోజుల్లోనే కనిపించింది. మొఘలు సేనాని ఖిలిచ్ ఖాన్ కోట మీదికి దూసుకువచ్చి, ఫిరంగి గుండుకు చెయ్యి పోగొట్టుకుని, ఆ గాయంతోనే మరణించాడు. ఆయన మనవడే తరువాత 1724లో హైదరాబాదులో ఆసఫ్‌జాహీ పాలనకు పునాది వేశాడు. మే నెలలో ఒక రాత్రి మొఘలులు నిచ్చెనలు వేసి గోడ ఎక్కబోతే ఒక వీధికుక్క మొరిగి కావలివాళ్ళను లేపిందని చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ రాశాడు. తానాషా ఆ కుక్కకు బంగారు గొలుసు వేయించాడట. జూన్‌లో మొఘలులు గోడ కింద సొరంగాలు తవ్వి మందు కూరారు. లోపలివారు ఆ సంగతి పసిగట్టి, ఎదురు తవ్వి, కొంత మందు తీసేసి, కొంత నీళ్ళతో తడిపేశారు. మిగిలినది పేలినప్పుడు రాళ్ళు వెనక్కి విరుచుకుపడి వందలమంది మొఘలు సిపాయిలే చనిపోయారు.

ఆపైన వానలు ముంచెత్తాయి. మంజీర పొంగి దిగుమతులు ఆగాయి. ముట్టడించినవారి దండులోనే ఆకలి, రోగాలు చెలరేగాయి. కోటలోపల తిండి ఉంది. కాని కోట బయట ఉన్న హైదరాబాదు ప్రజల సంగతి? అప్పటికి ఆ నగరానికి ప్రాకారమే లేదు. 1685లో మొఘలులు వస్తున్నారని తెలియగానే రాజు రాత్రికి రాత్రి కోటలోకి వెళ్ళిపోయాడు. నగరం దోపిడీ పాలైంది. 1687లో కరువుకు బలైందీ ఆ నగరమే. మా మనవడు కంప్యూటరు మీద కోటల యుద్ధం ఆడుతుంటాడు. శత్రువు రాగానే గంట కొడితే పొలాల్లోని జనమంతా పరుగున లోపలికి చేరతారు. గోల్కొండలో ఆ గంట ఎవరూ కొట్టలేదు.

ఇక ఖర్చు. ఆ ఆటలో సిపాయికి జీతం లేదు, మనసు విరగడం లేదు. నిజమైన కోటలో ఈ రెండూ ఉంటాయి. తానాషా సర్వసేనాని మీర్ మహమ్మద్ ఇబ్రహీం 1685లోనే మొఘలుల వైపు వెళ్ళిపోయాడు. రాజ్యం లెక్కలన్నీ చేతిలో ఉంచుకుని నడిపిన మాదన్నను, అతని అన్న అక్కన్నను 1686లో గోల్కొండ వీధిలోనే చంపారు. చంపినవారు శత్రువులు కారు, సొంత దర్బారు మనుషులు. ముట్టడి సాగుతుండగా షేక్ నిజాం అనే మరో పెద్ద సర్దారు మొఘలులలో చేరాడు. 1689లో శంభాజీని పట్టుకున్నది ఇతడే. గింజల నిల్వ తరగలేదు కాని, మనుషుల నిల్వ రోజురోజుకూ తరిగింది.

చివరికి మిగిలినవారిలో ఇద్దరిని చూడండి. అబ్దుల్ రజాక్ లారీకి ఔరంగజేబు పెద్ద మన్సబు ఇస్తానని ఫర్మానా పంపాడు. లారీ దాన్ని తన బురుజు మీది సిపాయిలందరికీ చూపించి చింపేశాడు. రెండోవాడు అబ్దుల్లా పనీ. బీజాపూరు కొలువు వదిలి మొఘలుల దగ్గరికి, వారిని వదిలి గోల్కొండకు వచ్చినవాడు. అటువంటివాడికి ఒక చిన్న దర్వాజా కావలి అప్పగించారు. 1687 సెప్టెంబరు 21 తెల్లవారుజామున ఆ దర్వాజానే తెరుచుకుంది. లారీ జీను లేని గుర్రమెక్కి, డజనుమందితో శత్రువుకు అడ్డుపడి, డెబ్బై దాకా గాయాలతో కూలిపోయాడు. ఔరంగజేబు స్వయంగా వైద్యులను పంపి అతన్ని బతికించాడు. ఇలాంటి సేవకుడు ఇంకొక్కడు ఉంటే కోట దక్కడం ఇంకా ఆలస్యమయ్యేదని అన్నాడట. తానాషా దౌలతాబాదు కోటలో బందీగా కన్నుమూశాడు.

అందుకే నా మనవి. తలుపు తీసిన చేతిని తిట్టుకుంటే కథ సులువుగా ముగుస్తుంది. కాని అలాంటి చేతికి తాళం ఇచ్చింది ఎవరు, నమ్మకస్తులను పోగొట్టుకున్నది ఎవరు అని కూడా మన పిల్లలు అడగాలి. నీళ్ళకూ గింజలకూ అంత చక్కటి లెక్క రాసిన ఆ దర్బారు మనుషుల లెక్క మాత్రం రాసుకోలేదు. ఈసారి గోల్కొండ వెళ్ళినప్పుడు కొండ మీదికి ఎక్కి ఊరుకోక, బయటి ప్రాకారం వెంట కాసేపు నడవండి. ఎనిమిది నెలలు ఆ బురుజుల మీద నిద్ర కాచినవారి పేర్లు ఎక్కడా రాసి లేవు. వారిని ఒకసారి తలచుకోండి.